సైరన్ మోగితే లోపలుండాలా, పరుగెత్తాలా?

ఎడిటర్ గారికి నమస్కారం.

మేం గాజువాక వైపు ఉంటాం, చుట్టూ ఫ్యాక్టరీలే. ఈమధ్య ఒక రాత్రి పదిన్నరకి ఎక్కడి నుంచో ఘాటు వాసన కొట్టింది. ఏంటో, ఎటు నుంచో ఎవరికీ తెలీదు. అపార్ట్‌మెంట్ మొత్తం పిల్లల్ని చంకనేసుకుని, బండ్లు తీసి, రోడ్డెక్కేసింది. మేమూ దిగిపోయాం. గంట తర్వాత తిరిగొస్తే వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, లోపలి గాలిని బయటికి తోస్తూ, బార్లా తెరిచున్న హాలు కిటికీల్లోంచి ఆ వాసననే ఇంట్లోకి లాగుతూ.

2020 మే 7 తెల్లవారుజామున మన విశాఖలోని వెంకటాపురంలో, ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే ప్లాస్టిక్ తయారీ రసాయనం ఆవిరై లీకైనప్పుడు సైరన్ మోగలేదు. నిద్రలోంచి లేచి పరుగెత్తినవాళ్ళు రోడ్ల మీదే కుప్పకూలారు, 12 మంది పోయారు. ఆ ఆవిరి గాలికంటే మూడు రెట్లకు పైగా బరువు, నేలబారునే పాకుతుంది. పరుగెత్తడం వాళ్ళ తప్పని అనడం లేదు, పరుగెత్తాలో ఆగాలో వాళ్ళకి ఎవరైనా చెప్తే కదా!

ఫ్యాక్టరీ గోడ పక్కనే ఉన్నవాళ్ళ సంగతి వేరు, ఖాళీ చేయమంటే వెంటనే గాలికి అడ్డంగా పక్కకి వెళ్ళిపోవాలి. కొంచెం దూరంలో ఉన్నవాళ్ళకి మాత్రం చాలాసార్లు ఇల్లే రక్ష. ఫ్యాన్లు, ఏసీ ఆపేయాలి, కూలర్ బయటి గాలినే లాగుతుంది కాబట్టి ముందు దాన్ని కట్టేయాలి. కిటికీలు తక్కువున్న గదిలోకి, బరువైన గ్యాస్ అయితే పై అంతస్తులోకి చేరి, తలుపు కింద సందులో తడి తువ్వాలు కూరాలి. అందరూ మర్చిపోయేది బాత్రూం వెంటిలేటర్, ఆ గాజు పలకల మధ్య సందులకి పాలిథిన్ కవరు పెట్టి టేపు అంటించాలి. గ్యాస్ పోయిందని అధికారులు చెప్పాక అన్నీ తెరిచి బయటికి రావాలి, లేకపోతే లోపలికి చేరినంత ఇంట్లోనే నిలిచిపోతుంది.

ఆ మధ్య ఫోన్లన్నీ ఒక్కసారే మోగించి టెస్ట్ మెసేజ్ పంపారు కదా, అలాగే తెలుగులో "లోపలే ఉండండి" అనో, "ఫలానా వైపు వెళ్ళండి" అనో పంపొచ్చు. సైరన్‌కి కూడా ఏ మోతకి ఏం చేయాలో వీధి వీధినా బోర్డు పెట్టొచ్చు. మాక్ డ్రిల్స్ ఫ్యాక్టరీ గేటు లోపల చేస్తారు, ఫొటోలు పేపర్లో చూస్తుంటాం. మా వీధిలో ఇంతవరకు ఒక్కటీ జరగలేదు. కలెక్టర్ గారు ఈసారి గేటు బయట, మా అపార్ట్‌మెంట్లలో, అదీ రాత్రిపూట చేయించాలి.

- ఒక గృహిణి, గాజువాక