వాన కాలంలో వాణిజ్య భవనాల గచ్చు

సంపాదకులకు,

వర్షాలు మొదలయ్యాక మన పట్టణాల్లోని వస్త్ర దుకాణాలు, బ్యాంకులు, ప్రైవేటు ఆసుపత్రులు, వాణిజ్య సముదాయాల ప్రవేశద్వారం దాటడం వృద్ధులకు, గర్భిణులకు, చేతికర్ర సాయంతో నడిచేవారికి ఎక్కడ జారిపడతామోనని భయంగా ఉంటోంది. గచ్చు శుభ్రంగా లేకపోవడం కాదు, చాలాచోట్ల దాన్ని పరిచిన తీరు, శుభ్రం చేసే తీరే ఇందుకు కారణం. ఎముకలు గుల్లబారిన వయసులో ఒక్కసారి జారిపడితే తుంటి ఎముక విరిగి, శస్త్రచికిత్స తర్వాత కూడా మునుపటిలా నడవలేకపోయే ప్రమాదం ఉంది.

చీమకుర్తి, కరీంనగర్ ప్రాంతాల గ్రానైట్ మనకు గర్వకారణమే. కానీ దాన్ని అద్దంలా పాలిష్ పట్టించి వాన జల్లు పడే బయటి మెట్లకు, ర్యాంపులకు కూడా పరచడం సరైన పద్ధతి కాదు. పొడిగా ఉన్నంతసేపు ఇబ్బంది పెట్టని ఆ రాయి మీద పలుచని నీటి పొర చేరితే చాలు, చెప్పు అడుగుకు పట్టు దొరకదు. అదే రాయిని మంటతో కాల్చి గరుకు చేయించుకోవచ్చు. ఇప్పటికే పరిచిన మెట్లకైతే అంచుల వెంబడి గాడులు కోయించవచ్చు, లేదా గరుకు పట్టీలు అతికించవచ్చు. వీటికయ్యే ఖర్చు భవనం ముఖద్వారం అలంకరణకు పెట్టే ఖర్చు ముందు లెక్కలోకి రాదు.

ఇక రోజువారీ శుభ్రత సంగతి. ఎంత ఎక్కువ ద్రావణం పోస్తే అంత శుభ్రమన్న అపోహ బలంగా ఉంది. నిజానికి ఎక్కువైన సబ్బు ద్రావణం ఆరాక జిగురు పొరగా మిగిలి దుమ్మును పట్టుకుంటుంది, మళ్లీ తడి తగిలితే జారుతుంది. తినుబండారాల దుకాణాల ముందు నూనె మరకలను తుడిచిన మురికి నీటితోనే నడవా అంతా తుడిస్తే ఆ జిడ్డు భవనమంతటా పరుచుకుంటుంది. ఉతకడానికో బకెట్టు, పిండడానికో బకెట్టు, వెనువెంటనే పొడి గుడ్డతో తుడవడం, నడవాను సగం సగంగా శుభ్రం చేస్తూ మిగతా సగాన్ని రాకపోకలకు వదలడం కష్టమైన పనులేమీ కావు. అయితే, ఒక్క మనిషికి రెండు మూడు అంతస్తులు అప్పగించి, కొనుగోలుదారులు కిక్కిరిసిన వేళ తడిగుడ్డ పెట్టిస్తున్న యాజమాన్యాలు ఆ లోపాన్ని సిబ్బంది మీదకు నెట్టడం అన్యాయం. ఇంగ్లీషులో మాత్రమే రాసిన పసుపు హెచ్చరిక బోర్డును మూలన నిలబెట్టి బాధ్యత తీరిందనుకోవడం కూడా తగదు. ఆ బోర్డు తెలుగులో, తడి ఉన్నచోటే, దూరం నుంచే కనిపించేలా ఉండాలి.

ఇది కేవలం మర్యాదకు సంబంధించిన విషయం కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, ప్రజలు వచ్చిపోయే ప్రైవేటు వాణిజ్య భవనాలను కూడా ప్రజా భవనాలుగానే పరిగణిస్తోంది. దివ్యాంగులు ఇబ్బంది లేకుండా వాడుకునేందుకు పెట్టిన అందుబాటు ప్రమాణాలు పాటించని నిర్మాణాలకు అనుమతి గానీ, పూర్తయినట్లు ధ్రువపత్రం గానీ ఇవ్వరాదని ఆ చట్టంలోని 44వ సెక్షన్ చెబుతోంది. ఈ అందుబాటుపై కేంద్రం 2021లో వెలువరించిన మార్గదర్శకాలు జారని గచ్చునే కోరుతున్నాయి. అయినా తనిఖీల్లో పార్కింగు, అగ్నిమాపక ఏర్పాట్లకు దక్కే శ్రద్ధ పాదాల కింది గచ్చుకు దక్కడం లేదు.

అందువల్ల పురపాలక శాఖ అధికారులు ధ్రువపత్రం ఇచ్చే ముందు ప్రవేశద్వారాలు, మెట్లు, ర్యాంపులు, మరుగుదొడ్ల గచ్చును నీళ్లు చల్లి నడిచి పరీక్షించాలని, పాత భవనాల్లో జూన్‌లోగా మెట్లకు గరుకు పట్టీలు, చేతిపట్టు కడ్డీలు, గుమ్మాల వద్ద నీటిని పీల్చే వెడల్పాటి కాలిపట్టాలు ఏర్పాటు చేయించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, ఖమ్మం