షెల్టర్ గేటు దగ్గరే ఆగిపోతున్న వాళ్ల కోసం

నగర కమిషనర్ గారికి నమస్కారం.

పోయిన చలికాలంలో ఒక రాత్రి ఫుట్‌పాత్ మీద వణుకుతున్న ఒక అవ్వను నైట్ షెల్టర్‌కి తీసుకెళ్లాం. వెంట పాత చీర పీలికతో కట్టిన కుక్క. దాన్ని బయట వదిలేసి రమ్మన్నారు. అవ్వ గొడవేమీ పడలేదు, పీలికను చేతికి ఇంకో చుట్టు చుట్టుకుని, "ఏడేండ్ల సంది నాకు కావలి ఇదే బిడ్డా, ఎట్ల ఇడిసిపెడ్త?" అని వెనక్కి నడిచింది.

లక్ష జనాభాకు ఒకటి చొప్పున 24 గంటల షెల్టర్లు ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది సార్. కట్టాక కూడా ఇలాంటివాళ్లు లోపలికి రాలేకపోతే ఏం లాభం? మేం అడిగేది గేటు లోపల చిన్న రేకుల షెడ్డు, నీళ్ల తొట్టి, నెలకోసారి వచ్చే పశువుల డాక్టరు. 2023 ఏబీసీ (జంతువుల జనన నియంత్రణ) నిబంధనల ప్రకారం వీధి కుక్కలకు ఆపరేషన్లు, రేబిస్ టీకాలు ఎలాగూ కార్పొరేషనే చేయించాలి కదా, ఆ పనికి తిరిగే బండినే షెల్టర్‌కీ పంపండి. ఏటా వేసిన టీకా కార్డు అక్కడే ఉంచితే పక్క మంచం వాళ్లకీ టెన్షన్ ఉండదు (వాళ్ల భయాన్ని నేను తప్పుపట్టను, అది నిజమైన భయమే).

ఈ చలికాలం లోపు ఒక్క షెల్టర్‌లో మొదలుపెట్టండి. అవ్వను నేనే తీసుకొస్తాను.