నగని వెనక్కి తిప్పి చూడు

ఒరేయ్ మిత్రమా,

చేత్తో చేసిన నగకి మజూరీ అంతెందుకు అడుగుతారు, అందులో నిజంగా సరుకుందా లేక వట్టి కబుర్లేనా అని అడిగావు కదా. ముందు ఒక్కటి తేల్చేస్తాను. బంగారానికి తనని ఎవరు మలిచారో తెలీదు. 22 క్యారెట్లంటే ఎవరు చేసినా 91.6 శాతమే, 18 అంటే 75 శాతమే. కరిగించే రోజున చేతిపనీ మెషీన్ పనీ ఒకటే. ఇంకా మాట్లాడితే, అతుకులెక్కువున్న చేతిపనిలో తక్కువ క్యారెట్ టంకం (అతుకు కోసం కరిగించే లోహం) వాడారంటే మొత్తం స్వచ్ఛత ఓ పిసరు తగ్గుతుంది కూడా. నువ్వు అదనంగా ఇచ్చేదంతా మందానికి, అతుక్కి, రేపు పాడైతే బాగుచేయించుకునే వీలుకి. ఆ మూడూ లేకపోతే చేతిపని అన్న పేరుకి డబ్బు దండగ.

ఉంగరమే తీసుకో. లోపలి వ్యాసం 17 మి.మీ., రేకు మందం 1.5 మి.మీ. అనుకుందాం. రెండూ కలిపి 3.14తో హెచ్చిస్తే 58 మి.మీ. పైచిలుకు, కోయాల్సిన పొడవు అదీ. మందం కలపడం మరిస్తే దాదాపు 5 మి.మీ. తగ్గిపోయి ఉంగరం వేలికెక్కదు. రేకుని కాచి మెత్తబరిచి, వంచి, రెండు కొసల్నీ ఆకురాయితో రాసి, మధ్యలోంచి వెలుతురు కనపడనంతగా కలపాలి. అసలు పనంతా ఇక్కడే ఉంది. టంకం సందు పూడ్చే మందు కాదురా, ఆనుకున్న అంచుల మధ్యకి పాకే లోహం. సందు వదిలేస్తే పైకి నిండినట్టే ఉంటుంది, లోపల బోలు. ఎప్పుడు విరిగినా అక్కడే విరుగుతుంది.

టంకం సాఫీగా పాకడానికి వెలిగారం పూశాక మంటని టంకం ముక్క మీద పెట్టకూడదు, ఉంగరమంతా తిప్పాలి. టంకం వేడెక్కువున్న వైపుకి పరుగెత్తుతుంది కాబట్టి ఒకే పక్క కాస్తే అటే పోయి, రెండో అంచు ఎండిపోతుంది. మరీ కాస్తే పాలిష్ పట్టాక అతుకు వెంట సూదిపోట్లలాంటి గుంటలు తేలతాయి. ఒకే నగకి మూడు అతుకులుంటే మొదట గట్టి టంకం, అంటే ఎక్కువ వేడికి కరిగేది, తర్వాత మధ్యరకం, ఆఖరున తేలిగ్గా కరిగేది. ఈ వరస తప్పితే మూడోది వేస్తుంటే మొదటిది ఊడుతుంది. ఆ పైన పలచటి గంధకామ్లంలో వేసి నలుపు వదిలించాలి. అందులో ఇనుప పట్టుకారు ముంచారో, నగ మీద రాగి పొరెక్కి ఎర్రబడుతుంది.

తీగ సంగతీ ఇలాంటిదే. కమ్మచ్చులో, అంటే వరసగా చిన్నవయ్యే కంతలున్న పలకలో, ఒక్కో కంతా దాటిస్తూ 2 మి.మీ. తీగని 1.4కి లాగితే అడ్డుకోత సగమవుతుంది, పొడవు రెట్టింపవుతుంది, తీగ గట్టిపడుతుంది. అక్కడ ఆగి కాచాలి. ఆశపడి ఇంకా లాగితే పైన చీలికలు పడతాయి, లేదా తెగుతుంది.

ఇక మూకుమ్మడిగా చేసేవి. ఎక్కువగా మైనం పద్ధతే. రబ్బరు అచ్చులోకి మైనం ఎక్కించి, డజన్ల కొద్దీ నమూనాల్ని ఒక మైనపు కాండానికి చెట్టులా అతికించి, జిప్సం కలిసిన ముద్దలో పాతిపెడతారు. కొలిమిలో గంటల తరబడి కాల్చి మైనం పోగొట్టి, ఆ ఖాళీలోకి లోహం పోస్తారు. పద్ధతిలో తప్పేం లేదు, మంచి కార్ఖానాలో చక్కటి నగలొస్తాయి. తంటా ఏమిటంటే, లోహం గడ్డకట్టేటప్పుడు కుంచించుకుపోతుంది. సన్నటి భాగం ముందే గట్టిపడితే లావు భాగానికి కొత్త లోహం అందక లోపల రంధ్రాలు మిగులుతాయి. అచ్చు మరీ వేడెక్కితే జిప్సం విడిపోయి గంధకపు వాయువు పుట్టి, బుడగలు పడతాయి. పైకి మెరుస్తూనే ఉంటుంది. సాగదీసి ఉంగరం సైజు పెంచబోయిన రోజున చిట్లుతుంది.

రాళ్ల నగకి ఇది ఇంకా ముఖ్యం. పోతపోసిన లోహం మెత్తగా ఉంటుంది, లాగిన తీగ గట్టిగా ఉంటుంది. అలాగని పొంగిపోకు, టంకం వేసేటప్పుడు ఆ తీగ కూడా కాగి మెత్తబడుతుంది. తర్వాత నునుపు పనిముట్టుతో గట్టిగా రుద్ది, తట్టి మళ్లీ బిగువు తెచ్చినవాడే పనివాడు. రాయి కూర్చోవడానికి, దాన్ని పట్టి ఉంచే కొక్కెం లోపల కోసే గాడి, దాని మందంలో మూడో వంతుకి మించకూడదు. సగం దాటితే బట్టకి తగులుకున్నప్పుడల్లా వంగి, ఓ రోజు విరుగుతుంది. చవక రకాల్లో రాళ్లని మైనంలోనే పొదిగి, వాటి చుట్టూనే లోహం పోసేస్తారు. వేడి తట్టుకునే రాళ్లకే అది చెల్లుతుంది. ఒక్క రాయి ఊడినా మళ్లీ బిగించడానికి లోహం మిగలదు.

అన్నిటికన్నా నాకు గిట్టనివి బోలు నగలు. మిల్లీమీటరులో పావొంతు మందం లేని రేకుని డైతో (ఉక్కు అచ్చుతో) నొక్కి, రెండు సగాలు అతికిస్తారు. లావుగా కనిపిస్తాయి, తూకం తేలిక. సొట్టపడితే లోపల్నుంచి తట్టే దారి లేదు. గాలి బయటికి పోయే కంత లేకుండా మంట పెడితే పేలే ప్రమాదం కూడా.

మరి మెషీన్ ఎక్కడా గెలవదా అంటే, సన్నటి గొలుసులో గెలుస్తుంది. ఒక మి.మీ. లోపు గొలుసుకి వందల లింకులు, ప్రతి అతుకూ ఒకే తీరున ఉండాలి. చేత్తో అంత నిలకడ కష్టం. అలాంటి గొలుసుకి చేతిపని మజూరీ ఇవ్వొద్దు. తెగితే అతికించేటప్పుడు టంకం పక్క లింకుల్లోకి పాకి అక్కడ బిర్రబిగుస్తుందని మాత్రం గుర్తుంచుకో.

కొనేటప్పుడు సుత్తిదెబ్బల గుర్తులు చూసి మోసపోకు, వాటినీ డైతో కొట్టేస్తారు. జత దుద్దుల్ని పక్కపక్కన పెట్టి, పదింతలు చూపే భూతద్దంతో చూడు. రెండింటిలోనూ ఒకే చోట ఒకే గీత ఉంటే రెండూ ఒక అచ్చువే. తర్వాత వెనక్కి తిప్పు. వెనక ఆకురాయి గీతలు అలాగే వదిలేశారా, అతుకుల దగ్గర గుంటలున్నాయా, కొక్కేలన్నీ ఒకే ఎత్తున రాయిని తాకుతున్నాయా చూడు. నగని టిష్యూ కాగితం మీద రుద్దితే కొక్కేలకి పోగు చిక్కకూడదు. చెవి దగ్గర పెట్టి వేలితో తట్టితే రాయి గలగలమనకూడదు. తూకం రాళ్లు తీసేసి చెప్పించుకో. రాళ్లకి క్యారెట్ అంటే స్వచ్ఛత కాదు, తూకం; 5 క్యారెట్ల రాయంటే 1 గ్రాము, అది బంగారం లెక్కలో కలిసిపోతే నష్టం నీదే. పోత భాగాలు తెచ్చి అతికించి చేతిపని అనేవాళ్లూ ఉన్నారు కాబట్టి, ఏ భాగం రేకుతో చేశారు, ఏది పోత అని నేరుగా అడుగు. చేసినవాడు తడుముకోకుండా చెప్తాడు.

డబ్బు కట్టేముందు వెనకవైపు ఫోటో ఒకటి, పక్కన స్కేలు పెట్టి తీసి పంపు. రాళ్లు తీసేసిన తూకం, లోహం మందం కూడా రాసి పంపు. సైజు మార్చాల్సి వస్తే వాళ్లే మారుస్తారో లేదో కూడా కనుక్కో.

ఉంటానురా,
నీ మిత్రుడు