మాజీ సైనికుల సంఘానికి ఒక గది ఇవ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

మాది తాడేపల్లిగూడెం దగ్గర ఒక పల్లె. పక్కనే మాధవరం ఉంది, మొదటి ప్రపంచ యుద్ధానికే 90 మందిని పంపిన ఊరు, మిలిటరీ మాధవరం అంటే జిల్లాలో తెలియనివాళ్లు ఉండరు. ఆ గాలి మా ఊరికీ తగిలింది. ప్రతి వీధిలో పటాలంలో ఉన్నవాళ్లో, చేసి వచ్చినవాళ్లో ఉంటారు. మా నాన్న సైన్యంలో ఇంజినీరింగ్ పనులు చేసే మద్రాస్ సాపర్స్ దళంలో హవల్దార్‌గా చేశారు.

మూడేళ్ల కిందట నాన్న పోయారు. అమ్మకి ఫ్యామిలీ పెన్షన్ రావాలి, కానీ సర్వీసు రికార్డులో అమ్మ పేరుకీ ఆధార్‌లో పేరుకీ తేడా ఉంది, పుట్టిన తేదీ అయితే అసలు కలవలేదు. బ్యాంకుకి వెళ్తే ఇది మా చేతిలో లేదు, స్పర్శ్‌లో చూసుకోండి అన్నారు. ఆ స్పర్శ్ అనే సైన్యం పెన్షన్ల ఆన్‌లైన్ వ్యవహారం చూసే ఆఫీసు ప్రయాగ్‌రాజ్‌లో ఉంది, నాన్న రికార్డ్ ఆఫీసు బెంగళూరులో ఉంది, మా అమ్మేమో ఐదో క్లాసుతో చదువు ఆపేసి ఒంటరిగా గూడెం కూడా వెళ్లి ఎరగని మనిషి. ఐదు నెలలు ఇంట్లోకి రూపాయి రాలేదు. నేను ఉద్యోగం చేసే చోటు నుంచి ఫోన్లు చేయడం తప్ప ఏం చేయలేకపోయాను.

అప్పుడు మా ఊరి మాజీ సైనికుల సంఘం నుంచి ఒక బాబాయిగారు వచ్చారు, రిటైరైన సుబేదార్. నాన్న ట్రంకు పెట్టె తెరిపించి, నాఫ్తలీన్ ఉండల వాసన కొడుతున్న డిశ్చార్జి బుక్కు, పీపీఓ అనే పెన్షన్ ఆర్డరు కాగితం, పాత ఫొటోలు అన్నీ మంచం మీద పరిచి, పెన్సిల్‌తో ఒక్కో కాగితం మూల నంబరు వేశారు. రెండు పేర్లూ ఒకే మనిషివని అఫిడవిట్ రాయించారు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి సొంత డబ్బుతో మూడుసార్లు బస్సెక్కి వెళ్లారు. అమ్మ ఛార్జీలు ఇవ్వబోతే, "వదినగారూ, ఇంకోసారి ఆ మాటంటే మీ గుమ్మం ఎక్కను" అన్నారట. ఎనిమిదో నెలలో బకాయిలతో సహా పెన్షన్ పడింది. ఆ రోజు అమ్మ ఫోన్‌లో ఏడుస్తుంటే సగం మాటలు నాకు అర్థం కాలేదు.

ఇది మా ఒక్కింటి కథ కాదు. నవంబరు వస్తే పెన్షనర్లు బతికే ఉన్నామని చూపించే లైఫ్ సర్టిఫికెట్ల టెన్షన్ మొదలవుతుంది, అరిగిపోయిన వేళ్లకి వేలిముద్ర పడదు, అలాంటి పెద్దవాళ్ల ఇళ్లకే సంఘం వాళ్లు వెళ్లి ఫోన్‌లో ముఖం చూపించి పని అయ్యేలా చూస్తారు. తెల్లారి 5 గంటలకి హైస్కూల్ గ్రౌండ్‌లో పిల్లలకి ఆర్మీ ఫిజికల్ టెస్టు ప్రాక్టీసు చేయిస్తారు, 1.6 కిలోమీటర్ల పరుగు, పుల్-అప్స్, 9 అడుగుల గోతి దూకడం. ఫీజు లేదు. రక్తం కావాలంటే ముందు వాళ్లకే ఫోన్ వెళ్తుంది, గోదావరి లంకల్లో నీళ్లొస్తే ట్రాక్టరు కట్టుకుని బయలుదేరేదీ వాళ్లే.

ఇంత పనీ రామాలయం అరుగు మీద కూర్చుని చేస్తున్నారండీ. వాన పడితే ఫైళ్లు గొడుగు కింద పెట్టుకుంటారు. తమ చావుబతుకులకి సంబంధించిన కాగితాలు పట్టుకుని వచ్చిన ఆడవాళ్లు నలుగురూ తిరిగే చోట నిలబడి మాట్లాడాలి, అది నాకు చాలా బాధగా ఉంటుంది. పంచాయతీ పాత భవనంలో ఒక గది ఏళ్ల తరబడి తాళం వేసి ఉంది. రెండుసార్లు అర్జీ పెట్టారు, చూద్దాం అన్నారు, అంతే. డిసెంబర్ 7న సాయుధ దళాల జెండా దినం వస్తే మాత్రం స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పుతారు. శాలువాలు వద్దు, తాళంచెవి ఇవ్వండి.

ఇంకో సంగతి కూడా ఆలోచించాలి. 2022లో మొదలైన అగ్నిపథ్ అనే సైన్యం భర్తీ పథకంలో చేరిన పిల్లల్లో నూటికి 25 మందిని మించి ఉంచుకోరు, మిగతావాళ్లు నాలుగేళ్లకే ఇంటికి వస్తారు. వాళ్లకి పెన్షన్ లేదు, మాజీ సైనికుడన్న హోదా కూడా లేదు, చేతిలో సేవా నిధి పేరుతో ఒకేసారి ఇచ్చే డబ్బు మాత్రం ఉంటుంది. ఇరవై ఐదేళ్ల లోపు కుర్రాడు ఆ డబ్బు ఏం చేయాలో, తర్వాత ఏ ఉద్యోగానికి అప్లై చేయాలో ఎవర్ని అడుగుతాడు? మా ఊళ్లో అయితే ఆ అరుగు దగ్గరికే వస్తాడు.

అందుకే అడుగుతున్నాను. గ్రామసభలో తీర్మానం చేసి ఆ గది సంఘానికి ఇవ్వాలి, ఒక కంప్యూటరు, నెట్ కనెక్షన్ పెట్టాలి, మన జిల్లాలో ఇలాంటి సంఘం ఉన్న ప్రతి ఊళ్లోనూ అధికారులు ఇదే చేయాలి. మీ విలేకరిని ఒక ఆదివారం ఉదయం పంపండి. పది గంటలకల్లా అరుగు మీద అందరూ ఉంటారు.

— ఒక హవల్దార్ కూతురు, తాడేపల్లిగూడెం మండలం