కాపీ ఆగిపోతే ఫార్మాట్ కొట్టేయడమేనా?

సంపాదకులకు నమస్కారం.

చిక్కడపల్లిలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే పని నాది. ముహూర్తాలు మొదలయ్యాయంటే జనం ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు పట్టుకుని తిరుగుతారు. ఎక్కడో ఒకచోట కాపీ సగంలో ఆగిపోతుంది, ఇక టెన్షన్ మొదలు, దగ్గర్లో ఏ రిపేరు షాపు ఉంటే అక్కడికి పరిగెడతారు. ఆ షాపతను డిస్కు పోయిందంటాడు, లేదంటే అడగను కూడా అడక్కుండా ఫార్మాట్ కొట్టి చేతిలో పెడతాడు. ఈ ఫార్మాట్ గురించే నా బాధ.

మొన్న శ్రావణంలో ఒకావిడకి ఇదే జరిగింది. ఫార్మాట్ చేశాక కూతురి పెళ్లి వీడియో చక్కగానే ఎక్కింది, కానీ అప్పటికే ఆ డిస్కులో ఉన్న మనవడి అన్నప్రాశన ఫొటోలు, ఊళ్లో ఇల్లు అమ్మకముందు తీసుకున్న వీడియోలు అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. నిజానికి ఆ డిస్కుకి ఏ రోగమూ లేదు. టీవీకి పెట్టుకుని సినిమాలు చూడటానికని ఎప్పుడో ఎవరో దాన్ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి ఉంచారు, అంతే.

ఫ్యాట్32 అనేది డిస్కులో ఫైళ్లు అమర్చే ఒక పద్ధతి (దీన్నే ఫైల్ సిస్టమ్ అంటారు), 1996 నుంచి ఉన్న పాతది. అందులో ఏ ఒక్క ఫైలూ 4 జీబీ దాటడానికి వీల్లేదు, డిస్కులో 900 జీబీ ఖాళీ ఉన్నా సరే. ఇప్పటి కెమెరాల్లో 4కే నాణ్యతలో 100 ఎంబీపీఎస్‌తో (సెకనుకి 100 మెగాబిట్ల చొప్పున) తీస్తే ఐదారు నిమిషాలకే 4 జీబీ అయిపోతుంది, మరి జీలకర్రా బెల్లం నుంచి అప్పగింతల దాకా ఒకే ఫైలుగా చేసిచ్చిన వీడియో అందులో ఎలా పడుతుంది? తెరమీద 'ఫైల్ ఈజ్ టూ లార్జ్ ఫర్ ద డెస్టినేషన్ ఫైల్ సిస్టమ్' అని మెసేజ్ కూడా వస్తుంది, దాన్ని చదివేవాళ్లే లేరు. డిస్కు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూస్తే ఫైల్ సిస్టమ్ ఏదో అక్కడే రాసుంటుంది. ఫ్యాట్32 అని ఉంటే, ముందు పాత ఫైళ్లన్నీ వేరేచోట దాచుకుని ఆ తర్వాతే ఫార్మాట్ చేయాలి. విండోస్‌లో 'కన్వర్ట్' అని ఒక కమాండ్ ఉంది, అది లోపలి ఫైళ్లు చెరిపేయకుండానే ఫ్యాట్32ని ఎన్‌టీఎఫ్ఎస్‌లోకి, అంటే పెద్ద ఫైళ్లు కూడా పట్టే విండోస్ పద్ధతిలోకి మారుస్తుంది, ఈ మాట కస్టమర్‌కి చెప్పే షాపు నాకింతవరకు కనిపించలేదు. అదైనా సరే ఇంకో కాపీ దగ్గర పెట్టుకున్నాకే చేయాలి. ఇంట్లో మ్యాక్ ఉన్నవాళ్లు మాత్రం పెద్ద ఫైళ్లు పట్టే, విండోస్, మ్యాక్ రెండింట్లోనూ నడిచే ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో చేయించుకోండి, ఎందుకంటే మామూలుగా మ్యాక్ ఎన్‌టీఎఫ్ఎస్ డిస్కుని చదువుతుందేగానీ అందులో రాయదు.

కాపీ మధ్యలో టింగ్‌మని శబ్దం వచ్చి డిస్కు మాయమైపోతుంటే అది వేరే కథ, చాలాసార్లు తప్పు కేబుల్‌ది. చిన్న డిస్కులకి వేరే అడాప్టర్ ఉండదు, కరెంటు కూడా యూఎస్‌బీ నుంచే తీసుకోవాలి. పాత యూఎస్‌బీ 2 పోర్టు లెక్క ప్రకారం ఇచ్చేది 500 మిల్లీయాంపులే, 3 అయితే 900. సీపీయూ ముందువైపు పోర్టులోనో, హబ్‌లోనో గుచ్చకుండా వెనకవైపు నేరుగా పెట్టి చూడండి. డిస్కు వైపు ఉండే ఆ వెడల్పాటి, మధ్యలో నొక్కున్న పిన్ను కొన్నాళ్లకి లూజవుతుంది, వేలితో కాస్త కదిపితే చాలు కనెక్షన్ పోతుంది. కోఠీ గుజరాతీ గల్లీలోనో సికింద్రాబాద్ సీటీసీలోనో పొట్టి కేబుల్ ఒకటి కొని మార్చి చూశాకే డిస్కు సంగతి ఆలోచించాలి.

స్పీడు బాగా పడిపోయిందని మధ్యలో పీకేయకండి, ఇప్పటి చిన్న డిస్కులు చాలావాటికి ఎక్కువసేపు రాస్తే నెమ్మదించే గుణం ఉంది. కట్ చేసి పేస్ట్ చేయడం అసలు వద్దు, కాపీ చేసి, అవతల తెరిచి చూసుకుని, అప్పుడు పాతది తీసేయండి.

డిస్కు లోపల టిక్ టిక్‌మని కొట్టుకుంటుంటే మాత్రం అది నిజంగానే పోయే దశ. అప్పుడు వెంటనే ఆపేసి డేటా రికవరీ చేసేవాళ్లకి చూపించాలి, పదే పదే పెట్టి తీయడం, డిస్కులో తప్పులు వెతికి సరిచేసే చెక్‌డిస్క్ నడపడం అస్సలు కూడదు. డిస్కు పెట్టగానే విండోస్ 'ఫార్మాట్ చేయాలి' అని అడిగినా క్యాన్సిలే నొక్కండి. క్విక్ ఫార్మాట్ అయితే, ఆ తర్వాత కొత్తవేమీ వేయకుండా ఉంటే ఇంకా కొంత ఆశ ఉంటుంది, కానీ విండోస్ విస్టా నుంచి ఫుల్ ఫార్మాట్ డిస్కంతా సున్నాలు రాసేస్తుంది, ఇక ఎవరూ తిరిగి తీయలేరు.

ఆన్‌లైన్‌లో రెండు మూడు వేలకే 16 టీబీ అని అమ్మేవి కొనకండి. వాటి డబ్బా విప్పితే లోపల చిన్న మెమరీ కార్డు ఉంటుంది, కాపీ అయినట్టే కనిపిస్తుంది, తెరిస్తే ఫైలు ఉండదు.

నగరంలోని రిపేరు షాపులవాళ్లకి నా మనవి ఒకటే, ఫార్మాట్ చేసేముందు కస్టమర్‌ని అడిగి, లోపల ఏమున్నాయో వాళ్లకే చూపించి, బిల్లు మీద వాళ్ల సంతకం తీసుకోండి. మా స్టూడియోలవాళ్లం కూడా డిస్కు ఇచ్చేటప్పుడు అది ఏ ఫార్మాట్‌లో ఉందో, ఒక్కో ఫైలు ఎంతుందో కవరు మీద రాసివ్వాలి. మీ పత్రిక టెక్నాలజీ పేజీలో ఈ ఎర్రర్ మెసేజ్‌ల ఫొటోలు వేసి, ఒక్కోదానికి అర్థమేంటో, అది వస్తే ఏం చేయాలో, ఏం చేయకూడదో తెలుగులో ప్రచురించమని కోరుతున్నాను, వచ్చే ముహూర్తాల లోపే వేస్తే మరీ మంచిది.

ఇట్లు,
ఒక వీడియో ఎడిటర్,
చిక్కడపల్లి, హైదరాబాద్