ఇంటి అలంకరణ పోటీల్లో మన బండలేవీ?

సంపాదకులకు నమస్కారం.

టీవీలో వచ్చే ఇంటి అలంకరణ పోటీలు నేను వదలకుండా చూస్తాను. ఖాళీ గదిని చూస్తుండగానే మార్చేసే ఆ పనితనం నాకు చాలా ఇష్టం. కానీ గెలిచే గది ఎప్పుడూ ఒకేలా ఉంటోంది. ఫాల్స్ సీలింగ్, బూడిద రంగు గోడ, మెరిసే తెల్ల టైల్స్.

అవి చూసి ముచ్చటపడే మా అబ్బాయి పోయినేడు హాలు మార్పించాడు. 30 ఏళ్ల తాండూరు బండలు పీకించాం. మే నెలలో వాటి మీద నీళ్లు చల్లి, తుడిచి, చాప కూడా లేకుండా పడుకునేవాళ్లం. వీపుకు ఎంత చల్లగా తగిలేదో! ఇప్పుడు టైల్స్ మీద నాలుగు చుక్కలు పడితే చాలు, మా అత్తమ్మ గోడ పట్టుకుని నడుస్తోంది. మొన్నటి వానకు స్లాబ్ కారి, సీలింగ్ బోర్డు మీద చాయ్ మరకలాంటి మచ్చ పడింది. ఎక్కడ కారుతోందో చూడాలంటే బోర్డు కోయాల్సిందేనట.

మార్కులు వేసే పెద్దలకు నా విన్నపం ఒక్కటే. ఎండాకాలంలో ఆ గదిలో కూర్చోగలమా, ముసలివాళ్లు జారకుండా నడవగలరా అన్నది కూడా చూడండి. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఆ బట్టతో కుట్టిన కర్టెన్లు, దిండు గలీబులు ఒక్క ఎపిసోడ్‌లోనైనా పెట్టించండి. మా పడకగది కిటికీకి నేను అవే కట్టాను.

- ఒక గృహిణి, మహబూబ్‌నగర్