స్పృహ వేరు, చైతన్యం వేరు

సంపాదకులకు,

గత ఆదివారం అనుబంధంలో ఆత్మ మీద వచ్చిన వ్యాసం ‘మత్తుమందు ఎక్కించగానే స్పృహ పోతోంది, కాబట్టి ఆత్మ చైతన్యస్వరూపమన్న మాట నిలవదు’ అని తేల్చేసింది. ఆక్షేపణ కొత్తదీ కాదు, తీసిపారేయదగ్గదీ కాదు. చిక్కంతా స్పృహనూ చైతన్యాన్నీ ఒకే గాటన కట్టడంలో ఉంది.

సంస్కృతంలో స్పృహ అంటే కోరిక. గీత రెండో అధ్యాయం 56వ శ్లోకం స్థితప్రజ్ఞుణ్ణి ‘విగతస్పృహః’ అంటుంది. మన తెలుగు అర్థంతో చదివితే పాపం ఆయన మూర్ఛపోయాడనుకోవాలి! తెలుగులో స్పృహ అంటే పిలిస్తే పలకడం, గిల్లితే తెలియడం, అంటే డాక్టరు పరీక్షించేది. వేదాంతి చైతన్యం అనేది దాన్ని కాదు. మనసు మేలుకున్నా మొద్దుబారినా ఆ సంగతి దేనివల్ల తెలుస్తోందో దాన్ని.

స్పృహ తప్పడాన్ని బ్రహ్మసూత్రకర్త బాదరాయణుడు విడిగానే విచారించాడు. బ్రహ్మసూత్రాల్లో 3.2.10 సూత్రం, ‘ముగ్ధేఽర్ధసంపత్తిః పరిశేషాత్’, దాని కోసమే. మూర్ఛ మెలకువ కాదు, కల కాదు, గాఢనిద్ర కాదు, చావూ కాదు. ఇక మిగిలేది సగం లయం. ఇక్కడ శంకరుల భాష్యం కేసు షీటులా ఉంటుంది. నిద్రపోయేవాడి ముఖం ప్రసన్నంగా ఉంటుంది, ఊపిరి సమంగా ఆడుతుంది, కళ్లు మూసుకుని ఉంటాయి, ఒళ్లు వణకదు. మూర్ఛపోయినవాడు ఒక్కోసారి చాలాసేపు ఊపిరి తీయడు. ఒళ్లు వణుకుతుంది, ముఖం భయం గొలుపుతుంది, కళ్లు తెరుచుకునే ఉంటాయి. నిద్రకు కారణం అలసట, మూర్ఛకు రోకలి దెబ్బలాంటిది. చేత్తో తడితే నిద్ర లేస్తాడు. మూర్ఛలో ఉన్నవాడు ముద్గరంతో మోదినా లేవడు. ప్రాణం ఉందా లేదా అని జనం గుండె మీద చెయ్యి పెట్టి వేడి, ముక్కు దగ్గర ఊపిరి చూస్తారన్న ముక్క కూడా అక్కడే ఉంది. మత్తుమందు ఉదాహరణను చర్చించాలంటే వెళ్లాల్సింది ఈ సూత్రానికి. వ్యాసకర్త దాన్ని సుషుప్తి, అంటే గాఢనిద్ర, కింద జమకట్టారు.

‘హిందూ తత్వశాస్త్రం నిద్ర గురించి ఇలా అంటుంది’ అని ఏకవచనంలో రాయడం ఇంకో పొరపాటు. ఒళ్లు తెలియకుండా పడుకుని లేచినవాడు ‘హాయిగా నిద్రపోయాను, ఏమీ తెలియలేదు’ అంటాడు. ఈ ఒక్క వాక్యం మీదే దర్శనాలన్నీ కొట్టుకున్నాయి. అనుభవం లేనిదే జ్ఞాపకం ఉండదు కనుక, ఆ హాయినీ ఆ తెలియకపోవడాన్నీ నిద్రలో సాక్షి, అంటే అన్నిటినీ చూస్తూ ఉండే చైతన్యం, వెలిగిస్తూనే ఉందని అద్వైతి అంటాడు. అణగిపోయింది ‘నేను’ అనే అహంకారం మాత్రమే. నైయాయికుడు, అంటే న్యాయదర్శనం వాడు, ఒప్పుకోడు. అది జ్ఞాపకం కాదు, లేచాక ఒళ్లు తేలిగ్గా ఉండడం చూసి చేసుకున్న ఊహ అంటాడు. అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఆత్మకు చెప్పిన లక్షణం ‘జ్ఞానాధికరణమ్’, అంటే జ్ఞానానికి ఆధారం. గుణం లేకపోయినా ఆధారం ఉంటుంది. కాబట్టి స్పృహ పోతే ఆత్మే పోయిందన్న మాట న్యాయదర్శనం కూడా అనదు, అలా అన్నది దేహమే ఆత్మ అనే చార్వాకులు. ఇక యోగసూత్రాల్లో (1.10) నిద్ర కూడా ఒక చిత్తవృత్తే, అంటే మనసు కదలికల్లో ఒకటే.

చెన్నై నుంచి బస్సెక్కితే శ్రీపెరుంబుదూరు ఎంతో దూరం లేదు. అక్కడ పుట్టిన రామానుజులు అద్వైతితోనూ తగువు పెట్టుకున్నారు. నిద్రలో ‘నేను’ పోదు, ఆ ‘నేనే’ ఆత్మ. దీపానికి వెలుగులాగా దానికి గుణంగా ఉండే జ్ఞానం (ధర్మభూతజ్ఞానం) ముడుచుకుంటుంది, అంతే. ‘నేను’ నశించడమే మోక్షమైతే, ఆ ప్రస్తావన వాసన తగలగానే మనిషి పక్కకు తప్పుకుంటాడని బ్రహ్మసూత్రాలకు ఆయన రాసిన శ్రీభాష్యంలో చురక. నా మొగ్గు అద్వైతం వైపే అయినా, ఈ చురకకు జవాబు చెప్పడం అంత తేలిక కాదు.

ఒకదాని గుణాన్ని ఇంకోదానికి అంటగట్టే అధ్యాసను కూడా వ్యాసం ‘భ్రమ’ అని ఒక్క ముక్కలో దాటేసింది. కపాలీశ్వరుడి గుడి మాడవీధిలో ఒక స్ఫటికపు పూస, ఒక ఎర్రమందారం కొనుక్కుంటే విషయం చేతిలో ఉంటుంది. పూసను ఆత్మ, పువ్వును మనసు అనుకోండి. పువ్వు ముందు పూస పెడితే పూస ఎర్రబడుతుంది. ఎంత తోమినా ఆ ఎరుపు పోదు. పువ్వు జరిపితే పోతుంది. జరపకపోయినా, రంగు పువ్వుదని తెలిస్తే పూసకు మరక ఉందన్న బెంగ పోతుంది. ధ్యానంలో ఆలోచనలు ఆగడం లేదని దిగులుపడేవాళ్లు పూసను తోముతున్నారు.

ఇందులో తెలుగు మనకు సగం పని చేసిపెట్టింది. ‘నాకు ఆకలేస్తోంది’, ‘నాకు కోపం వచ్చింది’ అంటాం. ఆకలీ కోపమూ నాకు వచ్చి పోయేవే తప్ప నేను కాదు. అదే ‘నేను లావయ్యాను’, ‘నేను నల్లగా ఉంటాను’ అనేటప్పుడు ‘నాకు’ జారిపోయి ‘నేను’ వచ్చి కూర్చుంటుంది. శంకరులు అధ్యాసకు మొదట చూపే ఉదాహరణల్లో లావు, సన్నం, తెలుపు ఉండడం గమనించదగ్గది.

చివరగా ఒక సవరణ. తైత్తిరీయ ఉపనిషత్తులోని విజ్ఞానమయ కోశానికి ‘శాస్త్రవిజ్ఞానపు పొర’ అని బొమ్మ కింద వేశారు. అక్కడ విజ్ఞానమంటే నిశ్చయం చేసే బుద్ధి. వచ్చే అనుబంధంలో ఆ ఒక్కటైనా దిద్దగలరు.

ఇట్లు,
ఒక పాఠకుడు, మైలాపూరు, చెన్నై